కృపానందం యాడికీ పోడు

పొద్దున షిఫ్టులో క్రషర్ బెల్టు కృపానందాన్ని లాగేసింది. మేం స్విచ్చి ఆపేలోగా అంతా అయిపోయింది. పని వేగంగా సాగాలని బెల్టుకున్న ఇనప గార్డును కాంట్రాక్టరే ఊడదీయించాడు. మధ్యాహ్నానికి గేటు ముందు తెల్ల వ్యాను సిద్ధం. దెబ్బ తగిలిన మనిషి కోసం ఏనాడూ రాని వ్యాను, శవం కోసం పరుగెత్తుకొచ్చింది.

"మీ ఆంధ్రాకు తీసుకుపొండమ్మా, బాడుగ నాదే," అన్నాడు కాంట్రాక్టరు ఉచ్చెంగెప్ప. ఎంత దయో! శవం జిల్లా దాటితే ఇక్కడ కేసు ఉండదు, అడిగే దిక్కూ ఉండదు.

కృపానందం భార్య సరోజమ్మ, శవాన్నెక్కించిన వ్యాను తలుపు పట్టుకుంది.

"యా ఆంధ్రాప్పా? మా మామ పుట్టింది ఈ ఊరి గాంధీనగర్‌లోనే, నా మొగుడు పుట్టింది ఆడనే. మావోల్ల సమాధులు ఈడనే ఉండాయి. ముందు పోలీసుల్ని పిలువు, కేసు రాయనీ."

లోడింగు పని చేసే కన్నడం పంపమ్మ గొంతు లేచింది. "మణ్ణు మాది, దుమ్ము తినేది మేము. మీరొచ్చి మా పిల్లోల్ల పని గుంజుకుంటిరి. సచ్చినాక గూడా పోరా?"

కొందరు కన్నడంవాళ్ళు అవునన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మమ్మల్ని చీల్చి మా కూలి కోసేది ఈ మాటే.

ఉచ్చెంగెప్పకు ప్రాణం లేచొచ్చింది. "పంపక్కా, రేపట్నించి నీ కొడుకును ఆ బెల్టు మీదికి పంపు."

పంపమ్మ మొహం వెలిగింది. అంతలోనే ఆరిపోయింది.

"గార్డు బిగిచ్చినావా సావుకారా?"

"గార్డుంటే పని నిదానం. హుషారుగా ఉండమను."

"కృపానందం హుషారుగా లేకుండెనా?"

ఉచ్చెంగెప్ప వ్యాను కదిలించమని డ్రైవరుకు చెయ్యూపాడు. పంపమ్మ పోయి వ్యాను చక్రం ముందు కూలబడింది. "సరోజా, రా, ఈడ కూకో. ఈ శవం కదిలితే రేపు నా కొడుకును గూడా ఇట్లే తోలేస్తారు."

ముందు తెలుగువాళ్ళం కూర్చున్నాం. తర్వాత, చూపులు కలపకుండానే, కన్నడంవాళ్ళూ కూర్చున్నారు.

పోలీసు జీపొచ్చింది. కేసు రాయడానికి కాదు, మమ్మల్ని లేపడానికి. పంపమ్మను రెక్క పట్టి ఈడ్చి జీపెక్కించారు.

"కేసు రాసేదాకా లేయొద్దండ్రప్పా!" జీపులోంచి అరిచింది.

"స్టార్ట్ మాడో!" ఎస్సై వ్యాను డ్రైవరు హులిగప్ప మీద లాఠీ ఎత్తాడు.

హులిగప్ప కిందికి దిగాడు. తాళంచెవి సరోజమ్మ చేతిలో పెట్టాడు. "నేను తోల్లేను సార్. ఈయమ్మ యాడికి పొమ్మంటే ఆడికే."

వాడి వీపు మీద లాఠీ పడింది. తాళంచెవి మాత్రం సరోజమ్మ పిడికిట్లోనే ఉంది.

అప్పుడే రెండో షిఫ్టువాళ్ళు బస్సులు దిగారు. ఒక్కరూ గేటు లోపలికి పోలేదు. వరసగా మా వెనక కూర్చుంటున్నారు. ఎస్సై ఇంకో జీపు కోసం ఫోను చేస్తున్నాడు.