జనాన్ని తెచ్చే మనిషి

కూర్మన్నపాలెం కూడలిలో అప్పుడే తెల్లవారింది. రోడ్డు పక్కన రెండు లారీలు ఆగి ఉన్నాయి. నిన్నటిదాకా ఉక్కు కర్మాగారం పనులకు కంకర మోసిన లారీలవి. అడుగున కంకరపొడి ఇంకా అలాగే ఉంది. ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, చక్రం మీద కాలు పెట్టి, పైనున్నవాళ్లు చెయ్యి అందిస్తే లోపలికెక్కుతున్నారు. ముసలివాళ్లను కిందినుంచి ఎత్తుతున్నారు. లారీ ముందు పార్టీ జెండా కట్టి ఉంది. డ్రైవరు పక్క సీట్లో పులిహోర పొట్లాల బుట్ట ఉంది.

ఈ దృశ్యం మనలో చూడనివారు లేరు. సభ రోజున ఇటువంటి లారీ ఎదురైతే పక్కకు తప్పుకుని, జెండా రంగు చూసి, ఫలానా పార్టీవాళ్లని అనుకుని మన దారిన మనం పోయాం. ఆ జెండా వెనక ఎండలో నిలబడ్డ మనిషి ఎవరు, ఎందుకు వెళుతోంది, ఎలా తిరిగొస్తుంది అన్నది మనకు పట్టలేదు.

లారీల దగ్గర నిలబడి అందర్నీ పేరుపేరునా పిలిచి ఎక్కిస్తున్న మనిషి పేరు జగ్గారావు. నలభై దాటిన వయసు, ఉతికిన ఖద్దరు చొక్కా, నిద్ర చాలని కళ్లు. జిల్లా పార్టీ కార్యవర్గంలో సభ్యుడు. పట్నంలో ఏ పెద్ద సభ జరిగినా గాజువాక వైపు నుంచి జనం రావాలంటే పార్టీ ఆఫీసులో అతని పేరే తలుచుకునేవారు.

"సిలకమ్మప్పా, నువ్వు ముందుకెళ్లి కూకో. ఎనకాల కుదుపెక్కువ" అన్నాడతను, ఆఖరుగా వచ్చిన ఒకావిడతో.

"ఎక్కడైతే ఏటిరా తమ్ముడా, ఎలాగూ నిలబడేదే గదా" అంది చిలకమ్మ నవ్వుతూ. యాభై ఏళ్ల మనిషి. కర్మాగారం పనుల్లో కాంట్రాక్టరు కింద సిమెంటు తట్టలు మోస్తుంది. సభ రోజున ఆ పని మానుకుంటే కూలి పోదు. పార్టీ ఇస్తుంది. అందుకని వస్తుంది. జగ్గడు పిలిచాడు గనక కూడా వస్తుంది.

వాళ్లిద్దరి పరిచయం ఈనాటిది కాదు. డెబ్బయ్యో దశకం మొదట్లో ఉక్కు కర్మాగారానికి భూములు తీసుకున్నప్పుడు వాళ్ల ఊరూ పోయింది. జగ్గారావు అప్పటికి పెళ్లికాని కుర్రాడు. ఏ పార్టీ పేరూ ఎరగడు. తండ్రి చేలో గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే చూడలేక, గడపగడపకూ తిరిగి, రేపు పొద్దున్న కలెక్టరాఫీసుకు వెళదాం రండని చెప్పాడు. లారీ లేదు, కూలి లేదు. అంబలి ముంతలు పట్టుకుని ఊరు ఊరంతా కాలినడకన విశాఖపట్నం బయల్దేరింది. ముందు నడిచింది చిలకమ్మే. కలెక్టరు ఎదుట నిలబడి, "బాబూ, భూమి తీసుకున్నారు సరే, మా పిల్లలు ఏటి తినాల?" అని అడిగిందీ ఆవిడే. ఆ తర్వాతే ఇళ్ల స్థలాలు వచ్చాయి, ఇంటికో ఉద్యోగమన్న హామీ వచ్చింది.

ఆ నడకను చూసిన పార్టీ పెద్దలు జగ్గారావును వెతుక్కుంటూ వచ్చారు. పార్టీలో చేరితే హామీ అమలవుతుందన్నారు. చేరాడు. సభ్యుల్ని చేర్పించాడు, గోడల మీద రాతలు రాయించాడు, సైకిలు మీద దువ్వాడ నుంచి సముద్రపు ఒడ్డు ఊళ్లదాకా తిరిగాడు. ఎన్నికలొస్తే ఇంట్లో పొయ్యి ఆరేది కాదు. భార్య గౌరీశ్వరి రెండు గేదెల పాలమ్మి ఇల్లు నడుపుతూ, వచ్చినవాళ్లందరికీ టీలు కాచేది. అతను పార్టీ సొమ్ము ఒక్క పైసా ముట్టుకోలేదు. అదే అతని గర్వం. అయితే ఏళ్లు గడిచేకొద్దీ తెలియకుండానే అతని మాట మారింది. మొదట్లో "మన జనానికి ఏం కావాలి" అనేవాడు. తర్వాత "నా జనం ఎంతమంది కావాలి" అనడం మొదలుపెట్టాడు. ఉద్యోగాలు కొందరికే వచ్చాయి. మిగిలినవాళ్లు తమ భూమిలోనే లేస్తున్న పొగగొట్టాల కింద తట్టలు మోస్తూ ఉండిపోయారు. ప్రతి ఎన్నికలోనూ హామీ మళ్లీ కొత్తగా వినిపించేది.

ఆ రోజు సభకు హైదరాబాదు నుంచి రావలసిన నాయకుడు బాగా ఆలస్యంగా వచ్చాడు. జనం ఎండలో మాడిపోయారు. ఆయన కాసేపు మాట్లాడి, చేతులూపి వెళ్లిపోయాడు. ఉద్యోగాల మాట ఎత్తలేదు. చప్పట్లు మాత్రం కొట్టమన్నప్పుడల్లా మోగాయి.

తిరుగు ప్రయాణంలో, గాజువాక ఇంకా రాకముందే, మలుపులో వెనక లారీ బ్రేకు పడలేదు. ఎదురుగా వస్తున్న బస్సును తప్పించబోయి పక్కనున్న గోతిలోకి ఒరిగిపోయింది. చాలామందికి దెబ్బలు తగిలాయి. చిలకమ్మ కుడి చెయ్యి లారీ అంచు కింద నలిగిపోయింది. పెద్దాసుపత్రిలో డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు గాని, చెయ్యి మోచేతి దాకా తీసెయ్యక తప్పలేదు.

జగ్గారావు ఆసుపత్రి వరండాలోనే పడి ఉన్నాడు. మూడోరోజున జిల్లా అధ్యక్షుడు అచ్యుతరామయ్యగారు కబురు పంపారు. పేరున్న వకీలు, మెత్తగా మాట్లాడే మనిషి. ఆయన ముందుగదిలో లారీల యజమాని, కాంట్రాక్టరు సన్యాసిరాజు కూడా కూర్చుని ఉన్నాడు.

"రావయ్యా జగ్గారావ్, కూర్చో. మనసు కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు" అన్నారు అచ్యుతరామయ్యగారు. "కాని ఇప్పుడే మనం నిలదొక్కుకోవాలి. కొత్తగా మండలాలు వచ్చాయి. అధ్యక్ష పదవికి నీ పేరే రాసి పైకి పంపాను. ఇన్నేళ్ల సేవకు అదైనా దక్కాలి నీకు."

ఆ మాట కోసం జగ్గారావు ఎన్నేళ్లు ఎదురుచూశాడో అతనికే తెలియదు.

"ఒక్క చిక్కుంది" అన్నారాయన. "సరుకుల లారీలో మనుషుల్ని పార్టీ సభకు ఎక్కించారని రికార్డయితే రాజుగారి మీద కేసు నిలుస్తుంది. పార్టీకీ అప్రతిష్ఠ. వాళ్లంతా ఏదో పెళ్లికి వెళ్లి వస్తున్నారని, దారిలో డ్రైవర్ని బతిమాలి ఎక్కారని చెబితే సరిపోతుంది. రేపు ఇన్‌స్పెక్టరు ఆసుపత్రికి వస్తాడు. ఆ చిలకమ్మ నీ మాట వింటుంది కదా."

"మరి ఆళ్లకి నష్టపరిహారం, బాబూ?"

"రేపు నువ్వే మండలాధ్యక్షుడివైతే వాళ్లకు ఎంత చెయ్యగలవో ఆలోచించు."

సన్యాసిరాజు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఆసుపత్రి మందుల సంగతి నాను సూసుకుంటాను బావా. నువ్వు దిగులు పడకు."

ఆ మాటల్లో తప్పు పట్టడానికి జగ్గారావుకు వెంటనే ఏమీ దొరకలేదు. అదే అతన్ని మరీ అలసిపోయేలా చేసింది. ఇంటికి వచ్చి మంచం మీద కూలబడ్డాడు. గౌరీశ్వరి గేదెకు కుడితి పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏటలాగున్నావు?"

చెప్పాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని గడప మీద కూర్చుంది.

"టికెట్టు వొత్తే నానొద్దంటానా?" అంది. "పదిహేనేళ్ల బట్టి టీలు కాసినాను. నాకూ ఆశుంది. గానీ సిలకమ్మొదిన మొకం సూసి ఆ మాట నువ్వెలగ సెప్తావో అదే తెల్దు నాకు."

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాడు. చిలకమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అలికిడి విని ఇటు తిరిగింది. చెయ్యి ఉండవలసిన చోట కట్టు చూడలేక అతను కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడాడు. పెళ్లి మాట, డ్రైవరు మాట, చేతనైనంత తొందరగా చెప్పేశాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. అలా జరిగితే ఏం జవాబివ్వాలో దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చాడు.

"అలగే సెప్తాన్లే తమ్ముడా" అంది చిలకమ్మ.

అతను ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు.

"ఎవుల పెళ్లని సెప్పమంటావు? పేరు కూడా నువ్వే సెప్పీ, నాకు తోసదు. నువ్వు ఎక్కమన్నావు, ఎక్కినాను. కూకోమన్నావు, కూకున్నాను. సప్పట్లు కొట్టమంటే కొట్టినాను. ఇంక సప్పట్లకి నాను పనికిరాను గానీ, సెప్పమన్న మాట సెప్పడానికి నోరుంది గదా."

ఎత్తిపొడుపు కోసం అన్న మాట కాదది. ఆవిడ నిజంగానే అంది. అతనికి కావలసింది ఇవ్వడానికి సిద్ధపడి, అలసిపోయిన గొంతుతో అంది.

జగ్గారావు కిటికీ వదిలి మంచం దగ్గరికి వచ్చాడు. కలెక్టరును నిలదీసిన మనిషి ఈవిడ. ఎవరూ నేర్పకుండానే, ఎవరికీ భయపడకుండానే తన మాట తాను అడిగిన మనిషి. ఇవాళ ఏం చెప్పాలో తనని అడుగుతోంది. లారీ బోల్తాపడడం వల్ల ఆవిడ చెయ్యి ఒక్కటే పోయింది. ఆ నోరు మాత్రం అంతకుముందే, ఒక్కో సభకు కాస్త కాస్త చొప్పున, పోతూ వచ్చింది. దాన్ని తీసుకున్నది అచ్యుతరామయ్యగారు కాదు, సన్యాసిరాజూ కాదు. పైసా ముట్టని తానే.

ఇన్‌స్పెక్టరు వచ్చి స్టూలు మీద కూర్చుని కాగితాలు తీశాడు.

"చెప్పమ్మా, ఎక్కడినుంచి వస్తున్నారు మీరు?"

చిలకమ్మ జగ్గారావు వైపు చూసింది.

"పెళ్లి..." అని మొదలుపెట్టింది.

"అది రాయకండి బాబూ" అన్నాడు జగ్గారావు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఏ పెళ్లీ నేదు. పార్టీ సభకి ఎల్లొస్తన్నారు. లారీలు సన్యాసిరాజుగారివి. మాట్లాడింది నాను. ఒక్కొక్కర్నీ పిలిసి ఎక్కించింది నాను. ముందు నా పేరు రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు కలం ఆపి అతనివైపు చూశాడు. "మీ పార్టీవాళ్లు వేరేగా చెప్పారే. ఆలోచించుకునే చెబుతున్నారా?"

"ఆలోసించడం ఆలీసమయిపోయింది బాబూ. రాసుకోండి."

తర్వాత జరిగింది మనం ఊహించగలిగేదే. టికెట్టు సన్యాసిరాజు బావమరిదికి వెళ్లింది. జగ్గారావును క్రమశిక్షణ పేరుతో పార్టీలోంచి తొలగించారు. ఇన్నేళ్లూ అతని ఇంట్లో టీ తాగినవాళ్లు దారిలో ఎదురైతే తల తిప్పుకున్నారు. కేసులో అతనూ ముద్దాయి అయ్యాడు. జరిమానా కట్టడానికి ఒక గేదెను అమ్ముకున్నారు. గౌరీశ్వరి మిగిలిన గేదె పాలతోనే ఇల్లు నడిపింది. నష్టపరిహారం కేసు మాత్రం ఏళ్లు సాగింది. వాయిదాకల్లా చిలకమ్మను తోడుండి తీసుకెళ్లి తీసుకొచ్చింది జగ్గారావే. ఆఖరికి తీర్పు వచ్చింది. వచ్చిన సొమ్ము పోయిన చేతికి సాటి కాదు గాని, ఆవిడ దాంతో ఇంటి ముందు చిన్న కూరగాయల దుకాణం పెట్టుకుంది.

కేసు ఇంకా నడుస్తుండగానే ఒక సాయంత్రం ఎదుటి పార్టీ మనిషి ఒకడు నిర్వాసితుల కాలనీకి జీపులో వచ్చాడు. జగ్గారావును చూసి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీకు జరిగిన అన్యాయం మాకు తెలుసు బావా. ఆదివారం మా సభుంది. నీ జనాన్ని రెండు లారీలు కట్టించు సాలు. నిన్ను నెత్తిన పెట్టుకుంటాం."

"నాకు జనం నేరు బావా" అన్నాడు జగ్గారావు. "అదిగో, బోరింగు కాడ ఉన్నారు. ఆళ్లనే అడుగు."

జీపులో వచ్చినవాడు నవ్వుకుంటూ వెళ్లి అడిగాడు. బోరింగు దగ్గర బిందెలు ఆగాయి. కొందరు అలవాటుగా జగ్గారావు ముఖం చూశారు. అతను తల వంచుకున్నాడు. చిలకమ్మ ఎడంచేత్తో చీర కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"ఎందుకు రావాల బాబూ? మీ నాయకుడు ఏటి సెప్తాడు? మా ఇళ్లకి రావాల్సిన ఉజ్జోగాలు ఎప్పుడొత్తాయో సెప్తాడా?"

"అక్కడికొచ్చి వింటే అన్నీ తెలుస్తాయమ్మా."

"అయితే ఆయన్నే ఇక్కడికి రమ్మను. మేం ఎక్కడికీ పోం. సాయంత్రం పూట అందరం ఇక్కడే ఉంటాం."

జీపు వెళ్లిపోయింది. అంతటితో లోకం మారిపోయిందని చెబితే అది అబద్ధమవుతుంది. ఆదివారం నాడు లారీ వచ్చింది. కాలనీలో సగం మంది ఎక్కారు కూడా. ఆ రోజు పనిలేనివాళ్లు, పొయ్యి వెలగనివాళ్లు. వాళ్లను జగ్గారావు ఆపలేదు, కోప్పడలేదు. ఎక్కుతున్నవాళ్లకూ మిగిలినవాళ్లకూ వినబడేటట్టు, ఇన్నేళ్లలో ఎప్పుడూ మైకులో చెప్పని మాట ఒకటి చెప్పాడు.

"ఎవుడు పిలిసినా ఎల్లండి, తప్పు నేదు. గానీ ఎందుకు పిలిసినాడో అడిగి ఎల్లండి. మీ తరపున మాటాడతానన్నోడు మిమ్మల్ని మాటాడనిత్తన్నాడో నేదో సూసి ఎల్లండి. అడగని జనాన్ని ఏ పార్టీ అయినా సరుకులాగే లారీకెత్తుతాది."