చాట్రాయి బరిలో మిగిలిపోయిన కూత

వేసవి వచ్చిందంటే నాగేంద్రమ్మకి తిట్లతోనే తెల్లారేది. గడ్డిపాక తలుపు తీయగానే ముందు మామిడికాయల వంక చూసేది, తరవాత కూలివాళ్ళ వంక చూసేది, ఆపైన అందుకునేది.

"ఎవడ్రా ఈ చిన్నరసాన్ని నొక్కింది? వేలి గుంట ఎలా పడిందో చూడు! మీ అమ్మ అన్నం వండుతుంటే కూడా ఇలాగే వేలు పెట్టి కెలికేవాడివా?"

వరిగడ్డిలో మాగేసిన కాయని ముట్టుకోకూడదు. దానంతట అది పండాలి. చాట్రాయి దారిలో ఉన్న తోటలన్నిట్లోనూ పళ్ళు మాగెయ్యడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు, తిట్టడంలో అసలే లేరు.

ఆ ఏడు తిట్లు తప్పించుకునేది మనవడు చిన్నయ్య ఒక్కడే. వాణ్ణేమైనా అంటే బదులు చెప్పడానికి వాడి దగ్గర ఊపిరి ఉండేది కాదు. "నాయనమ్మా, నీళ్ళు," అనేవాడు. ఆగేవాడు. "బిందెలో. లేవు," అనేవాడు. మళ్ళీ ఆగేవాడు. వాడు ఒక్క సంగతి చెప్పి ముగించేలోగా ఎవరో వెళ్ళి ఆ నీళ్ళు తెచ్చేసేవారు కూడా.

కిందటి వేసవి దాకా వాడు ఇలా లేడు. చెడుగుడు ఆటలో చిన్నయ్య కూత సన్నగా, తెంపు లేకుండా సాగేది. చాట్రాయి వాళ్ళతో ఆడిన రోజున కూతకి వెళ్ళి ఇద్దరిని తాకాడు. తిరిగి వస్తుంటే మిగిలినవాళ్ళంతా ఒక్కసారి మీద పడ్డారు. కాలు టప్పుమని విరిగింది. వాణ్ణి నులకమంచం మీద మోసుకుపోయారు గానీ, కూత మాత్రం బరిలోనే ఉండిపోయింది. నేలకి మూరెడు ఎత్తున "చెడుగుడుగుడుగుడు" అనుకుంటూ అక్కడక్కడే తిరగసాగింది.

ఆట నడిపిస్తున్న డ్రిల్లు మేష్టారు లక్ష్మీనరసింహారావుగారు ఈల నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించారు. కూత ఆగితే కుర్రాడు చచ్చినట్టు, మధ్యగీత తాకితే బతికినట్టు. ఇక్కడ కూతా ఆగలేదు, గీతా తాకలేదు. "ఆట నడుస్తోంది," అని తేల్చి, ఈల జేబులో వేసుకుని భోజనానికి వెళ్ళిపోయారు.

అది ఇంకా నడుస్తూనే ఉంది. మధ్యలో స్వరాజ్యం వచ్చింది. తెల్లవాళ్ళు దేశం వదిలి వెళ్ళారు గానీ చిన్నయ్య కూత చాట్రాయి బరి వదిలి వెళ్ళలేదు. వానాకాలంలో పాపం తడుస్తోందని ఎవరో తాటాకు గొడుగు పాతారు. ఊళ్ళో చంటిపిల్లలు ఆ చప్పుడుకే నిద్రపోయేవాళ్ళు, గేదెలు ఆ చప్పుడుకే పాలు చేపేవి. ఇంకో ఆట ఆడుకునే వీలు మాత్రం లేదు, ఉన్న ఆటే అవలేదు మరి.

ఒకనాడు చాట్రాయి జట్టు పెద్ద బుచ్చయ్య తోటకి వచ్చి పాక బయట నిలబడ్డాడు.

"మామ్మా, మీవాడి కూతకి జబ్బు చేసినట్టుంది."

"బాగుందయ్యా! మనవడికి చేసిన చాకిరీ చాలదా, కూతకి కూడా కషాయం కాచాలా?"

"వేళాకోళం కాదు మామ్మా. బొంగురుపోయింది. ఉండుండి కీచుమంటోంది. నిన్నయితే తెగిపోయిందనే అనుకున్నాం." బుచ్చయ్య గొంతు తగ్గించాడు. "అది తెగితే వాడికి మరి ఊపిరి తిరిగిరాదు. వచ్చి తీసుకుపోండి. మావాళ్ళు మాత్రం ఊరికే వదలరు, ముందే చెబుతున్నా. ఆట ఆటే."

నాగేంద్రమ్మ పాకలో ఉన్న మనవడి వంక చూసింది. జీవితమంతా వీడు ఇలా మాటకీ మాటకీ మధ్య ఆగుతూ బతకాలా?

"నే. వెళ్ళను," అన్నాడు చిన్నయ్య. "కాలు. మాట వినదు."

కాలు గట్టిగానే అతుక్కుంది. కట్టు కట్టినాయన చెయ్యి అలాంటిది. కాకపోతే మంచం మీద ఉన్నన్నాళ్ళూ చిన్నయ్య చేసిన పని ఒక్కటే, పొడుగెదగడం. చేతులు చొక్కా దాటాయి, కాళ్ళు మంచం దాటాయి. నూనూగు మీసం వచ్చింది, గొంతు బండబారింది. వెనకటి వాడి ఆటంతా వంగి, అవతలివాళ్ళ చంకల కిందనుంచి జారిపోవడమే. ఇప్పుడు వంగితే మోకాలు గడ్డానికి తగులుతోంది. అన్నిటికీ మించి, ఆ టప్పుమన్న చప్పుడు మళ్ళీ వినాల్సొస్తుందేమోనని వాడికి చచ్చేంత భయం.

"నువ్వేం బెంగపెట్టుకోకు. పాత చిన్నయ్యని నేను తయారుచేస్తాను," అంది నాగేంద్రమ్మ.

తయారుచెయ్యడమంటే మామూలుగా కాదు. గొంతు మళ్ళీ సన్నబడాలని పొద్దునా సాయంత్రం మిరియాలూ తేనే నాకించింది. నడుము వంగాలని బట్టలారేసే తాడు కిందనుంచి ఇటూ అటూ దూరించింది. మధ్యమధ్య తొడ నొక్కి, పిక్క నొక్కి, "గట్టిపడిందా? నొప్పి ఉందా? ఇప్పుడో?" అని అడిగేది. వాడు బదులు చెప్పేలోగానే మళ్ళీ నొక్కేది.

కాయలు ఏరుతున్న కూలిమనిషి రమణమ్మ చూసి చూసి, "అత్తా, నీ వేలి గుంటలు పడ్డాయి వాడి కాలి మీద," అంది.

"నీ పని నువ్వు చూసుకోవే! మహా చెప్పొచ్చింది!" అని కసిరింది నాగేంద్రమ్మ.

అనుకున్న రోజున బండి కట్టించుకుని చాట్రాయి వెళ్ళారు. బుచ్చయ్య జట్టు కిందటేడు ఎవరు ఎక్కడున్నారో అక్కడే నిలబడింది. డ్రిల్లు మేష్టారూ వచ్చి గీత పక్కన నిలబడ్డారు. ఒకడికి పెళ్ళై పొట్ట వచ్చింది. ఇంకొకడు చింతలపూడిలో కొట్టు పెట్టుకున్నాడు, ఆటకోసం తాళం వేసి వచ్చాడు. చిన్నయ్య తాకిన ఇద్దరూ తాము చచ్చామో బతికామో తెలియక ఏడాదిగా ముఖాలు వేలాడేసుకుని ఉన్నారు.

చిన్నయ్య గీత దాటి నడుం వంచాడు. గొంతు సన్నం చేసి "చెడుగుడు" అనబోయాడు. తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది. కూత అది విని హడలిపోయి బరి చుట్టూ పరిగెత్తి, బుచ్చయ్య వెనక దాక్కుంది. వాడు ఇటు వెళితే అది అటు పోయింది. జనం పడీపడీ నవ్వారు.

చిన్నయ్య నాయనమ్మ వంక తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు. "పోదాం. నాయనమ్మా."

నాగేంద్రమ్మ తన బొటనవేలు వంక చూసుకుంది. రమణమ్మ మాట ఇప్పుడు తగిలింది ఆవిడకి. బిడ్డడు ఒక తీరున పండుతుంటే తను పచ్చికాయని చెయ్యబోయింది. సిగ్గేసింది. సిగ్గేస్తే ఆవిడకి కోపం కూడా వస్తుంది.

"ఒరేయ్! ఆ పిల్లి గొంతు మానెయ్! నేను చెప్పినవన్నీ తీసుకెళ్ళి కృష్ణలో కలుపు. నిటారుగా నిలబడు. నీ గొంతుతో పిలువు!"

"బండగొంతు. గుర్తుపట్టదు."

"పట్టకపోతే కాయలు కోసే చిక్కం కర్ర తెచ్చి నేనే కోసిస్తా. ముందు పిలువు!"

చిన్నయ్య లేచి నిలబడ్డాడు. అంత పొడుగున్నాడని చాట్రాయి వాళ్ళకి అప్పుడే తెలిసింది. ఉన్న కాస్త ఊపిరీ కూడదీసుకుని, "చెడుగుడు," అన్నాడు. కంచె మీద కాకి ఎగిరిపోయింది.

కూత ఆగలేదు గానీ, పరిగెత్తడం మానింది. బుచ్చయ్య వెనకనుంచి మెల్లగా ఇవతలికొచ్చి బొంగురుగా, బండగా, "చెడుగుడుగుడు" అంది. రెండు గొంతులూ ఒక్కలాగే ఉన్నాయి.

"ఓరి వెధవల్లారా!" అని అరిచింది నాగేంద్రమ్మ. "దానికి జబ్బేంటి! దానికీ గొంతు మారింది!"

కూత వాడి నోట్లోకి దూరింది. చిన్నయ్య ఛాతీ ఒక్కసారి పొంగింది. ఆ మరుక్షణం బుచ్చయ్య జట్టంతా మీద పడింది, ఆట ఆటే కదా. అదే కాలు అడుగున పడింది. చిన్నయ్య కూత ఆపకుండానే ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. చప్పుడు రాలేదు. బుచ్చయ్య రొప్పడమే వినపడింది. కాలు నిలిచింది. నాగేంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వాడు చెయ్యి చాచాడు. కిందటేడు చెయ్యయితే మూరెడు ఇవతలే ఉండిపోయేది. చొక్కా దాటి పెరిగిన ఆ చెయ్యి వెళ్ళి గీత మీద పడింది.

మేష్టారు ఈల ఊదారు. అందులో ఎప్పుడో కందిరీగ మట్టిగూడు పెట్టింది, పలకలేదు. ఆయన దాన్ని విసిరికొట్టి, "బతికాడు!" అని కేక పెట్టారు.

చిన్నయ్య కూత ఆపాడు. ఏడాది తరవాత చాట్రాయిలో నిశ్శబ్దం వచ్చింది. ఎక్కడో చంటిపిల్ల లేచి ఏడుపు లంకించుకుంది. చచ్చామని తేలిన ఇద్దరూ సంబరంగా ఒకళ్ళనొకళ్ళు కావిలించుకున్నారు.

"ఆదివారం రారా," అన్నాడు బుచ్చయ్య దుమ్ము దులుపుకుంటూ. "కొత్త ఆట మొదలెడదాం. నీ చెయ్యి సంగతి ఇప్పుడు తెలిసిందిగా, చూస్తా."

తిరుగుబండిలో చిన్నయ్య మొదలుపెట్టాడు. బుచ్చయ్య ఎలా పడ్డాడో, కూత నోట్లోకి వస్తుంటే ఎంత కితకితలు పెట్టిందో, మంచం మీద పడుకుని ఏడాది పాటు ఏమేం అనుకున్నాడో, మిరియాలు ఎంత ఘాటుగా ఉన్నాయో, అంతా ఒకే ఊపున చెప్పుకుపోతున్నాడు. బండి తోలేవాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నోరు ముయ్యరా అనడం నాగేంద్రమ్మకి నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాడు ఊపిరికోసం ఎక్కడ ఆగుతాడోనని వింటూ కూర్చుంది. తోట వచ్చేదాకా వాడు ఆగలేదు.