బస్సక్క గొంతు

ఆ ఊళ్లో బస్సెక్కే ప్రతి మనిషికీ ఆమె గొంతు తెలుసు. మొహం మాత్రం ఎవరికీ తెలియదు. తర్వాతి స్టాప్ ఏదో చెప్పేది ఆమే. తలుపులకు ఆనుకుని నిలబడొద్దని చెప్పేదీ ఆమే. బస్సు నడిరోడ్డు మీద మొరాయించినప్పుడు "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని తాపీగా చెప్పి, చెయ్యని తప్పుకి తిట్లు తినేదీ ఆమే. రికార్డింగు గదిలో సౌండు చూసుకునే అతను ఆమెని బస్సక్క అని పిలిచేవాడు. ఆమె అతన్ని సౌండాయన అనేది. రెండు పేర్లూ అలాగే స్థిరపడిపోయాయి.

ఇంట్లో అత్తగారికి ఇదొక వేడుక. "మా కోడలు ఇంట్లో నోరు విప్పదు. దాని నోట రెండు మాటలు వినాలంటే టిక్కెట్టు కొనుక్కుని బస్సెక్కాలి" అని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పి నవ్వేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ పనిలో ఒక కిటుకు ఉంది. వాక్యాలు వాక్యాలుగా రికార్డు చెయ్యరు, ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కనీ మూడు రకాలుగా చెప్పిస్తారు: మొదట్లో వచ్చేది, నడుమ వచ్చేది, ఆఖర్న వచ్చేది. మొదటిది కాస్త ఎత్తుకుంటుంది. నడిమిది ఇంకేదో రాబోతోందన్నట్టు గాల్లో తేలి ఆగుతుంది. ఆఖరిది కిందికి దిగి కూర్చుంటుంది. తర్వాత ఏ ముక్క ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకుంటారు. "ఆఖర్న నడిమి ముక్క పడిందో, జనం ఇంకో మాట వస్తుందని మెడలు చాచి కూర్చుంటారక్కా. దిగాల్సినవాడు దిగడు" అని సౌండాయన మొదటి రోజే చెప్పాడు. ఒంటి మీద జ్వరం పెట్టుకుని పని చేసినా, ఆ తప్పు మాత్రం అతని చేతిలో ఏనాడూ జరగలేదు.

అలాంటి ఆమె ఒక ఆదివారం సాయంత్రం లైబ్రరీ మెట్ల దగ్గరికి వెళ్లింది. ఆ లైబ్రరీలో పనిచేసే స్నేహితురాలు పిలిచింది. గాజాలో చనిపోయిన పిల్లల పేర్లు చదువుతున్నాం, వచ్చి ఓ పక్కన నిలబడు, మనుషులు కనిపిస్తే అదే చాలు అంది. బస్సక్క నిలబడదామనే వెళ్లింది. ఆమెకి జెండాలూ తెలియవు, చర్చలూ తెలియవు. వార్తల్లో ఆ పిల్లల్ని చూడలేక రెండు మూడుసార్లు టీవీ కట్టేసింది, కట్టేసినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆమె రాజకీయమంతా కలిపితే అంతే.

పేర్లు చదువుతున్న స్నేహితురాలు ఓ ఆరేళ్ల పాప పేరు దగ్గర ఆగిపోయింది. ఇక చదవలేక కాగితాలు పక్కనున్న మనిషి చేతిలో పెట్టింది. పక్కనున్నది బస్సక్క.

చేతికేది ఇచ్చినా తొణక్కుండా చదవడం ఆమె వృత్తి. చదివింది. ఒక పేరు, ఒక వయసు. మళ్లీ ఒక పేరు, ఒక వయసు. బస్సులో ప్రతి స్టాప్ పేరుకి ముందూ గంట మోగుతుంది గనక, అలవాటు కొద్దీ ప్రతి పేరుకి ముందూ గంట మోగేంత సందు వదిలింది. మోగడానికి అక్కడ గంట లేదు. ఆ సందులో ఎవరో వెక్కడం వినిపించేది. అంతా అయ్యాక ఒకతను ఫోను ఆమె ముందు పెట్టి, మీరేమైనా చెబుతారా అని అడిగాడు. తలుపులకు ఆనుకుని నిలబడొద్దని చెప్పే గొంతుతోనే చెప్పింది.

"వీళ్లు పాలస్తీనా పిల్లలు. వీళ్లని చంపడం ఆపండి. వాళ్ల నేల మీద వాళ్లని బతకనివ్వండి."

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు పెద్దలు. వాళ్ల కాలంలో దానికి కొన్నాళ్లు పట్టేదేమో, ఇప్పుడు ఒక్క పూట చాలు. వీడియోలో మొహం చూసినవాళ్లెవరూ ఆమెని గుర్తుపట్టలేదు. చూడకుండా విన్నవాళ్లు గుర్తుపట్టారు. "ఇది మన బస్సు గొంతు కాదూ" అని ఎవరో రాశారు. ఇంకేముంది, తెల్లారేసరికి తేనెతుట్టె కదిలింది.

మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. దుమ్మెత్తిపోసినవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. ఒకాయన బస్సుల్లోకి రాజకీయాలు తెస్తారా అని అడిగి, ఆ అడగడంలోనే మూడు పేరాల రాజకీయం రాశాడు. ఆమె ఒక్క ముక్క కూడా బస్సులో అనలేదన్న సంగతి ఆయనకి పట్టలేదు. ఒకావిడకి రోజూ పొద్దున్న ఆ గొంతు వింటే మనసు నెమ్మదించేదట, ఇప్పుడు కంపరం పుడుతోందట. అవతలివైపు పోయిన పిల్లల పేర్లెందుకు చదవలేదని ఇంకొకతను నిలదీశాడు. ఆ ప్రశ్నని మాత్రం బస్సక్క రెండుసార్లు చదువుకుంది. ఆ పేర్లూ చేతికిస్తే చదివేదాన్నే అనుకుంది, నిజంగానే అనుకుంది. అడిగినవాడు ఏ పేర్లూ పంపలేదు. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. కొందరు తిట్టారు. కొందరు ఏమీ మాట్లాడకుండా ఊపిరి వినిపించి పెట్టేశారు. తిట్టినవాళ్లే నయమనిపించింది ఆమెకి.

ఆమె భర్త బళ్లో లెక్కల మాస్టారు. ఆయన్ని తోటి మాస్టర్లు "ఏం సార్, తర్వాతి స్టాప్ ఎక్కడ?" అని అడిగి నవ్వారు. ఆయన ఆ నవ్వుని ఇంటిదాకా మోసుకొచ్చి, భోజనాల దగ్గర దించాడు.

"నువ్వన్నది తప్పని నేననను. అనక్కర్లేదు అంటున్నాను."

"కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టారండీ."

"చేతిలో పెట్టినవన్నీ చదివేస్తావా?"

"నా ఉద్యోగం అదేగా."

అత్తగారు కంచం పక్కకు జరిపింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. నీ నోరు మంచిదేనే అమ్మాయ్, ఈ ఊరికే బుద్ధి లేదు. పోనీ, ఇంతటితో వదిలెయ్. బయట ఇంక ఆ ఊసెత్తకు. నా మీద ఒట్టు."

బస్సక్క సరేనంది. ఆమెకీ భయంగానే ఉంది.

బస్సుల ఆఫీసులో పెద్దాయన మర్యాదస్తుడు. కూర్చోమని, మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపి, "మీ అభిప్రాయం మీదమ్మా. మాట్లాడే స్వేచ్ఛ లేదని ఎవరన్నారు?" అని మొదలుపెట్టాడు. అలా మొదలైన మాట ఎటు తిరుగుతుందో పసిపిల్లాడికైనా తెలుసు. కొత్త రూట్లు వస్తున్నాయన్నాడు. వాటన్నిటికీ ఆమె గొంతే పెడదామని తన కోరిక అన్నాడు. ఫిర్యాదులు చూస్తే నిద్ర పట్టడం లేదన్నాడు. చివరికి ఒక కాగితం తీశాడు. నాలుగే నాలుగు వాక్యాలు, చదివి రికార్డు చేసేస్తే అందరూ మర్చిపోతారన్నాడు.

బస్సక్క చూసింది. నేను ఆవేశంలో అన్న మాటలకు చింతిస్తున్నాను అని ఉంది మొదటి వాక్యం.

"ఆవేశమా సార్? మీరు ఆ వీడియో చూశారా?"

పెద్దాయన చూశాడు. అందులో ఆవేశం లేదని ఆయనకీ తెలుసు. పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు.

"ఇన్నేళ్లుగా మీరేమిచ్చినా చదివాను సార్" అంది బస్సక్క. "రాని బస్సుని వస్తోందని చదివాను. ఎవరూ చింతించని రోజున చింతిస్తున్నామని చదివాను. ఎప్పుడూ ఎందుకని అడగలేదు. అవన్నీ ఆఫీసు మాటలు. ఇది నా మాట అని రాశారు మీరు. ఇది నా మాట కాదు."

"అంటే, చదవరా?"

"చదవను."

పెద్దాయన నిట్టూర్చాడు. "పోనీ, బయట మళ్లీ ఏమైనా మాట్లాడతారా?"

"మాట్లాడను సార్. మా అత్తగారికి మాటిచ్చాను."

ఆయన మొహం విచ్చుకుంది. ఎందుకంతగా విచ్చుకుందో అప్పుడు ఆమెకి అర్థం కాలేదు. క్షమాపణ చెప్పలేదు, అత్తగారికిచ్చిన మాటా తప్పలేదు. పామూ చచ్చింది, కర్రా విరగలేదనుకుంటూ ఇంటికొచ్చింది. పాము చావలేదు, చచ్చినట్టు పడుకుందంతే.

రెండు రోజుల తర్వాత సాయంత్రం సౌండాయన ఫోన్ చేశాడు.

"అక్కా, రేపు బస్సెక్కుతావా?"

"అత్తయ్యని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఎక్కుతాను. ఎందుకూ?"

ఎప్పుడూ వాగే మనిషి ఒక్కో మాటా ఏరుకుని చెప్పాడు.

"నాకో పని చెప్పారు. చెయ్యనంటే ఇంకొకడి చేత చేయిస్తారు. వాడైతే శుభ్రంగా చేసేస్తాడు. అందుకని నేనే చేశాను. రేపు వినక్కా" అని పెట్టేశాడు. ఆమె తిరిగి చేస్తే ఎత్తలేదు.

మర్నాడు అత్తాకోడళ్లిద్దరూ బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నారు. అత్తగారికి రెండు కళ్లలోనూ శుక్లాలు. బయట బోర్డులు కనపడవు, ఏ స్టాప్ వచ్చిందో ఆ గొంతు విని తెలుసుకోవాల్సిందే. పక్కన కోడలు ఉన్నా సరే, పైనుంచి చెబితేనే ఆవిడకి నమ్మకం. బస్సు కదిలింది. గంట మోగింది.

"ప్రయాణికులకు గమనిక. ఆదివారం... లైబ్రరీ వద్ద... జరిగిన పొరపాటుకు... చింతిస్తున్నాం..."

బస్సక్క వింది. గొంతు తనదే. ప్రతి ముక్కా తను చెప్పిందే, ఎప్పుడెందుకు చెప్పిందో కూడా గుర్తుంది. ఆదివారం బస్సులు తక్కువగా తిరుగుతాయని చెప్పడానికి ఆదివారం. స్టాప్ పేరు గనక లైబ్రరీ. బస్సుల వేళలు తప్పుగా అచ్చువేసినప్పుడు పొరపాటు. అన్నీ కత్తిరించి, అతికించి, తెచ్చి తన నోట్లో కుక్కారు. నువ్వు మాట్లాడకపోతే చాలని పెద్దాయన ఎందుకంత సంబరపడ్డాడో ఇప్పుడు తెలిసింది. ఆమె నోరు మూసుకున్నంత కాలం ఈ మాట ఆమెదే అవుతుంది.

"ఇదెప్పుడు చెప్పావే అమ్మాయ్?" అంది అత్తగారు.

"నేను చెప్పలేదత్తయ్యా."

"నీ గొంతేగా?"

"నా గొంతే. నేను చెప్పలేదు. పాత ముక్కలు అతికించారు."

అత్తగారు కళ్లు చికిలించి పైనున్న స్పీకరు వైపు చూసింది. బస్సులో అందరూ అటే చూస్తున్నారు. ఒకతను చెవిలోంచి ఇయర్‌ఫోను తీశాడు. సంచి సర్దుకుంటున్న ఆవిడ సర్దడం ఆపింది. మాట అయిపోయింది, ఎవరికీ అయిపోయినట్టు లేదు. ఆఖర్న పడింది నడిమి ముక్క. చింతిస్తున్నాం, మరో బస్సు వెనక వస్తోంది అని చెప్పడానికి ఎప్పుడో చేసిన ముక్క అది. గాల్లో తేలి, అక్కడే నిలబడిపోయింది.

సౌండాయన ఈ తప్పు చెయ్యడు. చేశాడంటే, ఆఖరి మాటకి చోటు వదిలిపెట్టాడు.

బస్సక్క కమ్మీ పట్టుకుంది, లేవలేదు. "అత్తయ్యా, మీకు మాటిచ్చాను..."

"నిన్ను మాట్లాడొద్దన్నాను గానీ, నీ బదులు వాళ్లని మాట్లాడమన్నానా?" అంది ముసలావిడ. "ఒట్టు తీసి గట్టున పెట్టాను. లే."

బస్సక్క లేచి వెనక్కి తిరిగింది. అన్ని మొహాల్ని ఎదురుగా పెట్టుకుని మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు. గాజు గదిలో, ఒక్క సౌండాయన ముందు మాట్లాడిన మనిషి. ఎన్నడూ తొణకని గొంతు మొదటి మాటలోనే వణికింది.

"ఇప్పుడు మీరు విన్నది నేను చెప్పలేదు. వేరే సంగతులకి నేను చెప్పిన మాటలు తెచ్చి అతికించారు. ఆదివారం లైబ్రరీ దగ్గర చెప్పింది మాత్రం నేనే. వాళ్లు పాలస్తీనా పిల్లలు. వాళ్లని చంపడం ఆపండి అన్నాను. అందులో పొరపాటు లేదు. నేను చింతించడం లేదు."

ఆఖరి మాట కిందికి దిగి కూర్చుంది.

ఎవరో రెండు చప్పట్లు కొట్టి, తోడెవరూ రాకపోయేసరికి ఆపేశారు. సంచి ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. ఇయర్‌ఫోను అతను బస్సక్కనే చూస్తూ ఉండిపోయాడు. డ్రైవరు అద్దంలో చూశాడు, బస్సు కాస్త నెమ్మదించింది, ఆగలేదు. ఈ కబురు మధ్యాహ్నంలోపే ఆఫీసుకి చేరుతుందని, కొత్త రూట్ల మాట అటుంచి పాతవాటిల్లో కూడా తన గొంతు ఇక ఎన్నాళ్లో ఉండదని బస్సక్కకి తెలుసు. వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది.

వెనక సీట్లోంచి ఒక మగగొంతు వినిపించింది. "దించెయ్యండి ఆవిణ్ణి."

అత్తగారు అటు తిరిగింది. మనిషి ఆవిడకి కనపడలేదు, గొంతు వచ్చిన వైపు చూసి చెప్పింది.

"దిగుతాం నాయనా. మా స్టాప్ ఇంకా రాలేదు. వస్తే మా కోడలే చెబుతుంది."

పైన గంట మోగింది. బస్సక్క గొంతు, ఏమాత్రం తొణక్కుండా, తర్వాతి స్టాప్ పేరు చెప్పింది. అది వాళ్లది కాదు. ఇద్దరూ కూర్చునే ఉన్నారు.