నూట అరవయ్యో వరుస

మా ఆఫీసులో అందరి మెయిళ్లూ, క్యాలెండర్లూ పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారాలి. ఆ పని నా నెత్తిన పడింది. దానికి కావలసిందల్లా ఒక ఎక్సెల్ షీటు. ఎడమవైపు మనిషి పాత అడ్రసు, కుడివైపు అదే మనిషి కొత్త అడ్రసు. మూడువందల పన్నెండు వరుసలు. మెషీన్ ఆ షీటు చదువుకుంటూ ఎడమ అడ్రసు పెట్టెలో ఉన్నదంతా తీసి కుడి అడ్రసు పెట్టెలో పోస్తుంది. దానికి మనుషులు తెలియరు, వరుసలే తెలుసు.

"ఇంత చిన్న పనికి ఇన్ని రోజులా?" అన్నారు మా మేనేజరు. తను చేయనంతవరకూ ఆయనకు ఏ పనైనా చిన్నదే.

మా జాబితాలో ఇంటిపేరు ముందు, పేరు తరువాత. అందుకని అక్షరక్రమంలో మా చెల్లెలూ వాళ్లాయనా ఒకరి కింద ఒకరు. నేను కంప్యూటర్ల విభాగంలో, అది కొనుగోళ్ల విభాగంలో, మా మరిది బండ్ల డిపో ఇన్‌చార్జిగా, ముగ్గురం ఒకే కంపెనీలో పనిచేస్తున్నాం. ఏ వ్యాన్ ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలో చెప్పేది అతనే. మంచి మాటకారి. "వదినా" అని నోరారా పిలుస్తాడు. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. మూడు నెలల క్రితం మా చెల్లెలి మణికట్టు విరిగితే బాత్రూంలో జారిపడిందన్నాడు. అందరం నమ్మాం. నేనూ నమ్మాను, అదీ నా తెలివి.

సోమవారం పదకొండింటికి, అతను డిపోలో ఉండగా, అది ఆ ఇల్లు వదిలి వెళ్లిపోవాలి. గది చూసిపెట్టాను, బయటి వ్యాన్ ఒకటి మాట్లాడాను. చెల్లెలి ఫోను రోజూ రాత్రి అతని చేతిలోకి వెళ్తుంది. ఏ రోజు ఏం చేయాలో ఎక్కడ రాసుకోను అని అది అడిగితే, దారి చూపించిన మహాతల్లిని నేనే.

"ఆఫీసు క్యాలెండర్లో రాసుకోవే. నువ్వు తప్ప ఎవరూ చూడలేరు. పూచీ నాది."

శనివారం మధ్యాహ్నం మెషీన్ నడిపించాను. అంతస్తు మొత్తానికి నేనొక్కదాన్నే. ముందు క్యాలెండర్లు వెళ్తాయి, మెయిళ్లు తరువాత. ఒంటిగంటకల్లా క్యాలెండర్లు అయిపోయాయి. టీ పెట్టుకుందామని లేచేసరికి ఫోను మోగింది. డ్రాయింగులు గీసే పెద్దాయన.

"అమ్మాయ్, నా కొత్త క్యాలెండర్లో మంగళవారం పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలని ఉంది. నాకు పళ్లూడి పదేళ్లయింది."

నవ్వబోయి ఆగిపోయాను. షీటు తెరిచి ఆయన వరుస చూశాను. కుడివైపు ఆయనే. ఎడమవైపు ఉన్నది ఆయన పైవరుస మనిషి.

ఎడమ జాబితా పాత సర్వర్ ఇచ్చింది. అందులో కిందటి నెల రిటైరైన స్టోర్‌కీపర్, మేమంతా చాదస్తం బాబాయి అని పిలిచే ఆయన, ఇంకా ఉన్నాడు. కుడి జాబితా కొత్తది. అందులో బాబాయి లేడు, పాత పెట్టే లేని కొత్త రిసెప్షనిస్టు ఉంది. ఒక్కో అడ్రసూ చూసి జతచేయాల్సింది పోయి, రెండు జాబితాలూ పక్కపక్కన అతికించాను. అటు మూడువందల పన్నెండు, ఇటు మూడువందల పన్నెండు. పైన పది, కింద పది చూశాను, సరిపోయాయి. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలంటారు. ఆ మాట అన్నానికే పనికొస్తుంది. మధ్యలో, బాబాయి దగ్గర నుంచి ఆ రిసెప్షనిస్టు దాకా, హాల్లో ఒకరు లేస్తే అందరూ ఒక్కో కుర్చీ జరిగినట్టు నలభై ఏడు వరుసలు జరిగిపోయాయి.

నూట అరవయ్యో వరుస చూశాను. ఎడమవైపు మా చెల్లెలు. కుడివైపు మా మరిది.

పైప్రాణాలు పైనే పోయాయి. మెషీన్ ఆపేశాను. నాకున్న అధికారంతో మరిది కొత్త పెట్టె తెరిచాను. సోమవారం, పదకొండు గంటలు. 'వ్యాన్, సందు చివర. గది తాళం అక్క దగ్గర.' గది ఎక్కడో రాయలేదు, అంతవరకు నయం. రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి తీసేశాను. దొంగకు తేలు కుట్టినట్టు, ఎవరితో చెప్పుకోను? అతను ఇంకా చూసి ఉండడని నాకు నేనే సర్దిచెప్పుకుంటుండగా ఫోను మోగింది. మరిదే.

"వదినా, తీరిగ్గా ఉన్నావా?"

"ఆ, చెప్పు."

"నా క్యాలెండర్లో సోమవారం పదకొండింటికి ఒక వ్యాన్ పడింది. నేను వేసింది కాదు. ఇందాక ఉంది, ఇప్పుడు లేదు. డ్రైవర్ని పెట్టాలా, వద్దా?"

డిపో పని అనుకుంటున్నాడు. కాస్త ఊపిరి పీల్చుకున్నాను. "అది ట్రయల్ కోసం పెట్టిందిలే. డ్రైవర్ అక్కర్లేదు."

"అలాగా," అన్నాడు. "ట్రయల్‌కి కూడా భలే రాస్తారు వదినా మీరు. తాళం అక్క దగ్గరట." నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకే అసహ్యంగా వినిపించింది. "ఎవరి అక్క వదినా?"

"ఎవరో ఏంటి, టెస్టింగ్ వాళ్లు నోటికొచ్చింది రాస్తారు."

"సరే. భోంచేశావా?"

"చేశాను."

"మంచిది," అని పెట్టేశాడు.

ఆ 'మంచిది' వినగానే తెలిసిపోయింది, నా మాట అతను నమ్మలేదు. తాళం నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. డిపో నుంచి వాళ్లింటికి నలభై నిమిషాలు. ఇక్కడి నుంచి ఇరవై. చెల్లెలికి ఫోన్ చేసి, "సోమవారం కాదు, ఇప్పుడే. కిందకి వచ్చి నిలబడు," అన్నాను. ఎందుకని అది అడగలేదు. అడగకపోవడం నన్ను ఇంకా భయపెట్టింది.

నేను టాక్సీలో వెళ్లేసరికి సందు చివర ఒక్క సంచీతో నిలబడి ఉంది. సంచీ ఎడమ చేత్తో పట్టుకుంది, కుడి మణికట్టు ఇంకా బరువు మోయలేదు.

"అప్పుడే సర్దేశావా?"

"మంగళవారమే సర్దాను. మంచం కింద పెట్టాను."

పెద్ద రోడ్డు మీదికి వచ్చామో లేదో ఎదురుగా డిపో వ్యాన్ వచ్చింది. ముందు సీట్లో మరిది. చెల్లెలు నా ఒళ్లోకి వంగిపోయింది. దాని వీపు మీద చెయ్యి వేశాను. వ్యాన్ మమ్మల్ని దాటి సందులోకి తిరిగింది. కాసేపటికి చెల్లెలి ఫోను మోగింది. చూసి, ఆపేసింది.

"తప్పు నాదే," అన్నాను. షీటు సంగతంతా చెప్పాను.

"బుధవారం నేను ఫోన్లో ఏడుస్తున్నప్పుడు చేశావా అది?"

"ఆ."

"అయితే సగం తప్పు నాది," అంది. తరువాత, "పూచీ నాదన్నావుగా, చాల్లే," అని కళ్లు తుడుచుకుంది.

ఆదివారం షీటు మళ్లీ చేశాను. ఈసారి ఒక్కో అడ్రసూ వేలు పెట్టి చదివాను. బాబాయి వరుస తీసేశాను. చెల్లెలి రాజీనామా కాగితం నా దగ్గరే ఉంది కాబట్టి ఆ వరుసా తీసేశాను.

సోమవారం పొద్దున మేనేజరు వచ్చి, "మూడువందల పదేనా? లెక్క తగ్గిందే," అన్నారు.

"లెక్క ఇప్పుడే సరిపోయిందండీ," అన్నాను.

పదకొండింటికి మరిది నా టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డాడు. నీటుగా గడ్డం గీసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లను నవ్వుతూ పలకరించి, కుర్చీ లాక్కుని నాకు దగ్గరగా కూర్చున్నాడు.

"వదినా, మా ఆవిడ మెయిలూ క్యాలెండరూ ఏ పెట్టెలోకి వెళ్లాయి?"

స్క్రీన్ అతని వైపు తిప్పాను. అతని వరుస ఉంది. దాని పైన వేరే ఇంటిపేరు ఉంది.

"ఎక్కడికీ వెళ్లలేదు," అన్నాను. "ఆ వరుస నేనే తీసేశాను."