రెండంగుళాల కింద

ఫణీంద్ర సార్ తెల్ల బూట్లతో ల్యాబ్‌లోకి వచ్చి మళ్లీ అదే కొలత చెప్పాడు. ప్రతి గొట్టంలో పై రెండంగుళాల బురదే కోసి సీసాలో పెట్టాలి. మిగతాది డ్రమ్ములో పారేయాలి.

నాచారంలోని ఆ ల్యాబ్‌లో మేం ఐదుగురం ఆడవాళ్లం. ఊళ్లో ఇంటర్ చదివొచ్చిన నాది సీసాలకు చీటీలు రాసే పని. ఎనిమిదేళ్ల కిందట ఒక ఓడ నుంచి చమురు కారి, తీరంలో మడ అడవి చచ్చిపోయింది. అక్కడి బురద గొట్టాల్లో మా దగ్గరికి పరీక్షకు వస్తుంది. తీరం కోలుకుందని మా ల్యాబ్ రాసిస్తే చాలు, ఓడ కంపెనీ శుభ్రం చేసే పని ఆపేస్తుంది.

గొట్టం చీలిస్తే పైన బూడిదరంగు బురద, ఒక పచ్చటి మొలక. జానెడు కింద తారులాంటి నలుపు.

ఆ బురద తవ్వి, వ్యానులో వెంట వచ్చిన సత్యవేణి మడ అడవిలో పీతలు పట్టి బతికిన మనిషి.

“పీత బొరియలో చెయ్యెడితే మోచెయ్యి దాకా దిగిపోద్దండి. రెండంగుళాల్లో ఏ పీత కాపరం చేస్తదండి?” అంది.

“పీతల సంగతి పీతలు చూసుకుంటాయిలే.” తన జోకుకు తానే నవ్వుకున్నాడు సార్. అంత పెద్ద చదువూ ఆ నవ్వుకే సరిపోయింది.

మాలో బురద కోసే కౌసల్యమ్మ కత్తి బల్ల మీద పెట్టేసింది. “నేను కొయ్య.”

“జర ఆగక్కా, నౌకరి పోతది,” అంది పక్కనే కోస్తున్న గ్రేస్.

“పోయిన నెల గిట్లనే కోసి, కిందిది డ్రమ్ముల పారేస్తిమి. చేతులు ఎంత కడిగినా వాసన పోకపాయె. నీ బిడ్డ పాలు తాగుతలేదని నువ్వే ఏడిస్తివి గదనే!”

గ్రేస్ తన కత్తి కూడా పక్కన పెట్టింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పోయిన నెల ఆ రెండంగుళాలకు ‘గొట్టం మొత్తం’ అని చీటీ రాసింది నేనే. సార్ రాయమన్నాడు, రాశాను.

షిఫ్టు మారే వేళకు గొట్టాలన్నీ మోసుకెళ్లి, నిలువునా చీల్చి గేటు ముందు పరిచాం. మందుల కంపెనీల వాళ్ల బైకులు ఆగాయి.

“ఏందక్కా, రోడ్డేస్తున్నరా?”

“సముద్రం బాగైందట తమ్మీ. జర వాసన సూడు!” అంది కౌసల్యమ్మ.

జనం పెరిగారు. సార్ పోలీసులను పిలిపించాడు. “పైన ఎంత శుభ్రంగా ఉందో చూడండి. కింద ఏమీ లేదు,” అంటూ, వచ్చి ఆగిన పోలీసు జీపు వైపు పరుగెత్తబోయి గొట్టాల మీదే కాలు వేశాడు.

జనాన్ని పోగేసిందని కౌసల్యమ్మను జీపు ఎక్కిస్తున్నారు. ఆమె వెనక్కి తిరిగింది. “కింద ఏం లేదంటివి గద సార్, మరి బూట్లకు గదేంది?”

రోడ్డంతా నవ్వింది. సార్ రుమాలుతో తుడిచాడు. రుమాలూ నల్లబడింది.

మర్నాటికి కౌసల్యమ్మ ఇంకా ఠాణాలోనే ఉంది. వ్యాను కొత్త గొట్టాలతో వచ్చింది. గేటు బయట సత్యవేణి కూర్చుంది. ఆమె చుట్టూ నిన్నటి బైకుల వాళ్లు. లోపల మేం నలుగురం చేతులు కట్టుకుని నిలబడ్డాం. సార్ తనే వంకరటింకరగా రెండంగుళాలు కోసి, సీసా నా ముందు పెట్టాడు.

“చీటీ రాయి.”

ఆయన ముందు ఎప్పుడూ నా గొంతు లేవదు. కిందికి చూశాను. బూట్లు కొత్తవి.

“మొత్తం కోస్తేనే రాస్త, సార్.”