కరకట్ట మీద ఒక ల్యాప్

పెళ్ళయిన నాలుగు నెలల్లో నేను నేర్చుకున్న కొత్త విద్య కార్ల రేసు చూడటం. ఎమ్మెస్సీలో కూడా ఇంత శ్రద్ధగా నోట్సు రాసుకోలేదు. ఏ రంగు కారు ఏ జట్టుది, ఏ టైరు ఎన్ని చుట్లు నిలుస్తుంది, పసుపు జెండా ఊపితే ఏం చెయ్యాలి, అన్నీ కంఠతా వచ్చేశాయి. ఆదివారం రేసు మొదలవగానే సాత్విక్ నా పక్కన చేరి, "చెప్పు రుచీ, ఎవరు ఎక్కడున్నారు?" అనేవాడు. టీవీ అంచున నిలువుగా ఉండే పేర్ల పట్టీ నేను చదవాలి, తను మధ్యలో పరిగెత్తే కారును చూడాలి. "నీ గొంతులో వింటేనే మజా" అనేవాడు. ఆ ముక్కకే నాకు వారమంతా పండగ.

ఇలాంటి పండగలు రోజుకు నాలుగైదు ఉండేవి. సినిమా హాల్లో దీపాలు ఆరగానే నా చెయ్యి పట్టుకుని, సీట్లో కూర్చునేదాకా వదిలేవాడు కాదు. పొద్దుగూకాక మేడమెట్లు దిగుతుంటే నా భుజం మీద చెయ్యి వేసేవాడు. మా పెళ్ళి కూడా తమాషాగా జరిగింది. మావాళ్ళందరివీ రాత్రి ముహూర్తాలే. అత్తయ్యగారు పద్మావతమ్మగారు మాత్రం పట్టుబట్టి, మే నెల ఎండలో పదకొండు గంటలకు పెట్టించారు. పురోహితుడు అరుంధతిని చూపించమంటే సాత్విక్ మండే ఆకాశంలోకి వేలు చాపి "అదిగో" అన్నాడు. నేను "కనిపించింది" అన్నాను. పీటల మీదే ఇద్దరం పగలబడి నవ్వాం.

సెప్టెంబరులో ఆ ఆదివారం మాడ్రిడ్‌లో కొత్త సర్క్యూట్ మీద మొదటి రేసు. మన టైము ప్రకారం ఆరున్నరకు. నాలుగు గంటలకే సాత్విక్ స్నేహితులిద్దరూ వచ్చేశారు. హేమసుందర్‌కి ఆటోనగర్‌లో బేరింగుల షాపు. జానకిరామ్ థర్మల్ స్టేషన్‌లో ఇంజనీరు, ఉండేది కొండపల్లిలో. నేను మిరపకాయ బజ్జీలు వేస్తుంటే హాల్లో గోల మొదలైంది.

"ఈ ఏడాది సీజన్ ఏం సీజన్ మావా! కార్లా, సెల్‌ఫోన్లా? ఛార్జింగ్ ఎంతుందో చూసుకుంటూ నడుపుతున్నారు" అన్నాడు జానకిరామ్.

"మీ ఎర్రకార్ల వాళ్ళకి ఛార్జింగ్ ఉన్నా బుర్ర ఉండదుగా" అన్నాడు హేమసుందర్.

"ఒరేయ్, బజ్జీ తిని మాట్లాడు. చూడు, మాడ్రిడ్ వాళ్ళు వీధుల్లో రేసు పెట్టుకున్నారు. బ్యాంకాక్ వాళ్ళు మాకూ కావాలంటున్నారు. బెజవాడకేం తక్కువ?" అన్నాడు జానకిరామ్.

"బెంజ్ సర్కిల్ ఉంది. బెంజ్ కారు దూరే సందే లేదు."

"హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్లు తిప్పలేదా?"

"తిప్పారు, ఒక్క ఏడాది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్ళు ఇంకా తిడుతూనే ఉన్నారు."

సాత్విక్ పాత క్యాలెండర్ కాగితం తిరగేసి గీయడం మొదలుపెట్టాడు. బ్యారేజీ దాటి, కుడికి తిరిగి, కరకట్ట పట్టుకుని ఉండవల్లి మీదుగా, మళ్ళీ వెనక్కి. గీత చకచకా సాగుతుంటే నాకు ముద్దొచ్చింది.

"రాత్రి రేసు పెడదాం. సింగపూర్ లాగా. కృష్ణలో లైట్ల నీడలు పడుతుంటే ఎలా ఉంటుందంటావ్!" అన్నాడు హేమసుందర్.

"రాత్రొద్దు. పగలే" అన్నాడు సాత్విక్.

"నీకు పెళ్ళీ పగలే, రేసూ పగలే! శోభనమన్నా రాత్రి చేశారా?"

వంటింట్లోంచే గరిటె చూపించాను. అందరూ నవ్వారు.

"రేసుకింకా గంట టైముంది. కరకట్ట మీద ఒక ల్యాప్ వేసొద్దాం పదండి" అని హేమసుందర్ లేచాడు.

"రేపు పొద్దున వెళ్దాంలే" అన్నాడు సాత్విక్.

"కొత్త పెళ్ళికొడుక్కి భయం పట్టుకుంది చెల్లెమ్మా."

"వెళ్దాం సాత్విక్, ప్లీజ్. స్టాప్‌వాచ్ నేను పట్టుకుంటా" అన్నాను.

సాత్విక్ నా వైపు చూశాడు. తర్వాత కారు తాళాలు తీసుకున్నాడు. జానకిరామ్ బజ్జీలకు కాపలా ఉంటానని సోఫాలోంచి కదల్లేదు.

బ్యారేజీ మీద ఆదివారం జనం. కరకట్ట ఎక్కేసరికి ఆరు దాటింది. పడమట మబ్బు కమ్మింది, వాన పడలేదు. వెనక సీట్లోంచి హేమసుందర్ కామెంట్రీ మొదలుపెట్టాడు. నేను ఫోన్‌లో గడియారం నొక్కాను. సాత్విక్ మెడ ముందుకు చాపి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కళ్ళార్పకుండా రోడ్డు మధ్యకే చూస్తున్నాడు. నిజం రేసు డ్రైవరులా ఉన్నాడనుకున్నాను.

ఎడమపక్క రోడ్డంచున ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చేపల గంప కింద పెట్టుకుని, తలమీద చుట్టకుదురు సర్దుకుంటోంది. నాకు చాలా దూరం నుంచే కనిపించింది. సాత్విక్‌కీ కనిపించిందనే అనుకున్నాను. కారు అంచు వైపే వెళ్ళింది. నేను అరిచేలోపే నా వైపు అద్దం విరిగింది.

"ఏమైంది? గొయ్యా?" అన్నాడు సాత్విక్.

ఆమె పేరు సంపూర్ణమ్మ. గట్టు దిగువన పడి ఉంది. తొడ దగ్గర కాలు పక్కకు తిరిగిపోయింది. రోడ్డు మీద జెల్ల చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి. ముగ్గురం ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఈసారి హేమసుందర్ నడిపాడు. ఆమె ఏడవలేదు. ప్రతి కుదుపుకీ నా చీర కుచ్చెళ్ళు పిడికిట్లో బిగించింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రేకి తీసుకెళ్ళాక మైలవరం నుంచి అత్తయ్యగారు ఫోన్ చేశారు. జరిగింది చెప్పాను.

"బండి ఎవరు నడిపారమ్మా?"

"సాత్వికే అండీ."

"పొద్దుగూకేవేళ వాణ్ణి ఎందుకు నడపనిచ్చావమ్మా?" అన్నారు.

"ఏం? ఎందుకు?"

"రేచీకటి కదమ్మా వాడికి. పక్కచూపు కూడా తగ్గిపోతోందని రెండేళ్ళ కిందటే చెప్పారు డాక్టరు. పెళ్ళయ్యాక నిదానంగా వాడే చెప్పుకుంటాడులే అనుకున్నాం."

ఫోన్ పెట్టేశాను. సినిమా హాలు, మేడమెట్లు, పేర్ల పట్టీ, పట్టపగటి అరుంధతి. నాలుగు నెలల సంతోషాలన్నీ ఒక్కొక్కటే వచ్చి తమ అసలు పేరు చెప్పి వెళ్ళాయి.

హేమసుందర్ నన్ను వరండా చివరికి పిలిచాడు. "చెల్లెమ్మా, ముగ్గురిదీ ఒకటే మాట. ఆమే అడ్డం వచ్చింది. వైద్యం మనం చేయిద్దాం, లోటు రానివ్వం. వాడి లైసెన్సు పోతే ఉద్యోగం పోతుంది." సాత్విక్ చేపల మేత కంపెనీలో పనిచేస్తాడు. రోజూ కారులో చెరువులు తిరగాలి, చీకటి పడేదాకా.

నేను బెంచీ మీద సాత్విక్ పక్కన కూర్చున్నాను.

"ఆవిడ నీకు కనిపించిందా?"

"హఠాత్తుగా వచ్చేసింది రుచీ."

"అత్తయ్యగారు చెప్పారు నాకు."

తల వంచుకున్నాడు. క్షమించమని అడుగుతాడని ఎదురుచూశాను. క్షమించేసేదాన్నే.

"రేపు కైకలూరు ఎలా వెళ్తావు?" అన్నాను.

"కారులోనే. అద్దం వేయించుకుని వెళ్తా. ఆ రోడ్లన్నీ నాకు అలవాటే."

కైకలూరు రోడ్డు నాకూ తెలుసు. రెండుపక్కలా చెరువులు, చెరువుల గట్ల మీద పనివాళ్ళు, సైకిళ్ళ మీద బడిపిల్లలు.

అప్పటికి కానిస్టేబుల్ వెంకటప్పయ్య వచ్చాడు. స్ట్రెచర్ పక్కన నిలబడి కాగితం మీద రాసుకుంటున్నాడు. హేమసుందర్ మర్యాదగా చెప్పాడు, "ఉన్నట్టుండి అడ్డం వచ్చిందండీ." సంపూర్ణమ్మ మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసింది. మా బట్టలు, మా మాటతీరు చూసి కాబోలు, ఆమెకే తన మీద అనుమానం వచ్చింది.

"అయ్యుంటుంది బాబూ. గంప బరువుకి తూలానేమో. నాదే తప్పేమో" అంది.

కానిస్టేబుల్ కలం కదిలింది.

"తూలలేదు. గంప కింద పెట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నారు. నేను చూశాను" అన్నాను.

"మా ఆవిడకి డ్రైవింగ్ తెలీదు సార్. కంగారులో ఏదో అంటోంది" అన్నాడు సాత్విక్. చాలా మెత్తగా అన్నాడు. రేసు చూసేటప్పుడు నాకు రూల్స్ నేర్పే గొంతుతోనే.

"వెంకటప్పయ్యగారూ, ఒక్క పని చెయ్యండి. ఆయన్ని ఆ ఎదుటి గోడనే చూడమనండి. మీరు ఎడమపక్కకెళ్ళి వేళ్ళు చూపించండి. ఎన్నో చెప్పమనండి" అన్నాను.

"ఇదేం పరీక్షమ్మా ఆసుపత్రిలో?"

"చెయ్యండి సార్, చెప్పేస్తే ఆవిడ ఊరుకుంటుంది" అని సాత్విక్ గోడకేసి తిరిగాడు. నిటారుగా నిలబడ్డాడు. వెంకటప్పయ్య విసుక్కుంటూ సాత్విక్‌కి ఎడమపక్కకి వెళ్ళాడు. హేమసుందర్ నేలకేసి చూస్తున్నాడు. సంపూర్ణమ్మ తల ఎత్తింది.

"మూడు" అన్నాడు సాత్విక్, ధీమాగా.

వెంకటప్పయ్య ఇంకా కలం జేబులో పెట్టుకుంటున్నాడు. చెయ్యి ఎత్తనే లేదు.