చాప మీద కూర్చునేవాళ్ళు

ఈ ఇంటికి పేలు పట్టించింది పిల్లి కాదు. మీరు. అవును, మిమ్మల్నే అంటున్నది. కుర్చీలో కూర్చుని కాళ్ళూపేవాళ్ళు, మంచం మీద పడుకుని "ఏవీ పేలు? నన్నొకటీ కుట్టలేదే" అనేవాళ్ళు, సంతకం పెట్టాల్సిన కాగితాన్ని మడతపెట్టి దాచుకున్నవాళ్ళు. పిల్లి పేను జానెడు ఎత్తు గెంతుతుంది, అంతకంటే పైకి గెంతదు. అందుకే నేల మీద బతికేవాళ్ళని కుడుతుంది. మీ ఇళ్ళల్లో నేల మీద బతికేదెవరో మీకు తెలుసు. తెలిసే నేరం పిల్లి మీద పెట్టారు. పిల్లి మోయగా మిగిలింది తబిత మీద పెట్టారు.

బెంగాలీ ఊళ్ళో, రైల్వే ట్రాఫిక్ కాలనీలో తమ క్వార్టరు వెనక, కుళాయి పక్కన, సోమవారం పొద్దున్నే తబిత కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒళ్ళో పుషి. బడిలో బెంగాలీ పిల్లలు పిల్లిని అలాగే పిలుస్తారని కూతురు జెనీ ఆ పేరు పెట్టింది. ఒక చేత్తో పుషి మెడ పట్టుకుని, రెండో చేత్తో పేల దువ్వెనతో తోక మొదలు దగ్గర దువ్వుతోంది. దువ్వెన పళ్ళ మధ్య పేను చిక్కగానే పక్కనున్న సబ్బునీళ్ళ గిన్నెలో ముంచాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే గెంతిపోతుంది. రాలిన నల్లటి నలుసుల్ని తడిపిన తెల్లగుడ్డ మీదికి దులిపింది. నలుసుల చుట్టూ ఎర్రగా చెమ్మ పాకింది. రక్తమది. పేలు తాగి విసర్జించిన రక్తం. ఎవరిదీ? పుషిది కొంత. తనది కొంత. వంటింటి గుమ్మం దగ్గర తన పక్కన చాప మీద పడుకునే జెనీది కొంత. విల్‌ఫ్రెడ్‌ది ఒక్క చుక్క కూడా ఉండదు. రైలుపెట్టెల వర్క్‌షాపులో డ్యూటీ చేసొచ్చే మొగుడికి నడుం నొప్పి, మంచం కావాలి. అత్త ఎస్తేరమ్మది ముసలి ప్రాణం, ఆమెకీ మంచం కావాలి. నాలుగున్నరకి కుళాయికి నీళ్ళొస్తాయి కనక లేవాల్సింది తబితే. లేచేవాళ్ళకి మంచమెందుకని పెళ్ళయిన కొత్తల్లో ఎవరో అన్నారు. పదహారేళ్ళయింది, ఆ మాట మీద మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు.

"మా కాలంలో ఇల్లు అద్దంనాగ ఉండీది," అంది ఎస్తేరమ్మ లోపలి నించే. "పేనూ లేదు, పిల్లీ లేదు. కోడల్ని కదా, వొంగి తుడిసీదాన్ని. ఇప్పుడోళ్ళకి నడుం వొంగదు కదేటి."

తబిత నడుం అప్పుడు వంగే ఉంది. ఆమె చూపంతా స్నానాలగది కిటికీ మీదుంది. అక్కడ ఒక సీసా ఉంది. పేరు లేదు, కాగితం లేదు, మూతకి గుడ్డ చుట్టి ఉంది. నిన్న, ఆదివారం ఆరాధన అయి గుడి నించి వచ్చాక విల్‌ఫ్రెడ్ దాన్ని అక్కడ పెట్టి, ఎప్పట్లాగే మెల్లగా చెప్పాడు.

"రైలుపెట్టెల్లో బొద్దింకలకి కొడతారీ మందు. బకెట్లో రెండు మూతలు పోసి పిల్లిని మెడదాకా ముంచు. శుక్రవారం మనింట్లో ప్రార్థన. సంఘమంతా వొస్తారు. ఆ రోజు ఒక్కరు గోక్కున్నా నేనే ముంచుతాను. మెడదాకా అని సూసుకోను."

విల్‌ఫ్రెడ్ అరవడు. అరిచే మొగుణ్ణి క్వార్టర్ల లైనంతా గుర్తుపడుతుంది. అరవని మొగుడికి పెళ్ళాం భయపడుతోందంటే ఎవరూ నమ్మరు, ఒక్కోసారి పెళ్ళామే నమ్మదు. కానీ తబిత ఒంటికి తెలుసు. అతని చెప్పు గుమ్మం దగ్గర విడిచిన చప్పుడుని బట్టి ఆ సాయంత్రం ఎలా ఉంటుందో ఆమెకి ముందే తెలిసిపోతుంది. ఒకసారి కూరలో ఉప్పెక్కువైందని అతను ఏమీ అనలేదు. కంచం ఎత్తి కూరంతా ఆమె చాప మీద పోసి, చెయ్యి కడుక్కుని పడుకున్నాడు. చెప్పింది చేసే మనిషి. అదే భయం.

ఆ సీసాలోది ఏం చేస్తుందో కూడా ఆమెకి తెలుసు. ఎదుటి లైను దోర్కా ఇంట్లో పోయినేడాది కుక్కపిల్ల ఉండేది. దోర్కా పెనిమిటి ఇలాంటి మందే ఒళ్ళంతా పట్టించాడు. సాయంత్రానికి అది నోట నురగతో కాళ్ళు కొట్టుకుని చచ్చిపోయింది. దోర్కా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆ రోజు గేటు దగ్గర నిలబడి, "ఏదో తినీసినాది లెండి" అని అందరికీ చెప్పింది. పిల్లికి ఇంకో చిక్కుంది. తడిస్తే ఒళ్ళంతా నాక్కుంటుంది. పైన పోసిందంతా లోపలికెళ్ళాల్సిందే.

మంగళవారం కూరగాయలకని చెప్పి తబిత ఆటోలో ఇందా బజారుకి వెళ్ళింది. సంచిలో కింద సీసా, పైన గుడ్డ. పశువుల మందుల దుకాణంలో కళ్ళజోడు పెట్టుకున్న బెంగాలీ దాదా మూత తీసి వాసన చూశాడు. వెంటనే బిగించేశాడు.

"నా నా, బౌది!" అన్నాడు, వద్దొద్దు వదినా అని. హిందీలో కొంత, బెంగాలీలో కొంత కలిపి విడమర్చాడు. ఇది జంతువు ఒంటికి తగలకూడదు. పసిపిల్లలు పాకే నేలకీ తగలకూడదు. కుక్కలకిచ్చే మందు కూడా పిల్లికి వెయ్యకూడదు, ప్రాణం పోతుంది. పిల్లి బరువుకి సరిపడే చుక్కలు వేరే ఉంటాయి, మెడ వెనక నాలిక అందని చోట వెయ్యాలి. దుప్పట్లు, చాపలు మరిగే నీళ్ళలో ముంచాలి, పరుపులు ఎండలో పడెయ్యాలి. గచ్చు పగుళ్ళు రోజూ ఊడవాలి, గుడ్లు వాటిల్లోనే పొదుగుతాయి. చివర ఒక మాట అడిగాడు. "మీ పిల్లి ఎక్కడ తిరుగుతుంది బౌది? అక్కడ శుభ్రం కాకపోతే ఇంట్లో ఎన్ని చేసినా మళ్ళీ వస్తాయి."

ఎక్కడ తిరుగుతుందో తబితకి తెలుసు. లైను చివర పాడుబడ్డ క్వార్టరుంది. తలుపులు ఎవరో పీక్కుపోయారు. లోపల వీధికుక్కలు ఈనుతాయి, చెత్త నడుం ఎత్తున పేరుకుంది. దాన్ని శుభ్రం చేసి మూసెయ్యమని రైల్వే ఆఫీసుకి రాయాలి. నెల క్రితమే తబిత రాసింది. ఇంటిపని ముగించుకుని, తప్పుల్లేకుండా, జెనీ చేత చదివించి మరీ రాసింది. కానీ క్వార్టరు ఎవరి పేరున ఉంటే వాళ్ళే సంతకం పెట్టాలట. పదహారేళ్ళు తుడిచిన గచ్చు గురించి ఫిర్యాదు చేసే చెయ్యి తనది కాదట.

విల్‌ఫ్రెడ్ ఆ కాగితం చదివి మడిచి బైబిల్లో పెట్టుకున్నాడు. "కంప్లైంటు రాస్తే ఆఫీసోళ్ళు వొస్తారు. వొచ్చినోళ్ళు చివరి క్వార్టరొకటే సూసి ఎల్లిపోతారా? వెనకాల మన రేకుల గది సూస్తారు. అనుమతి లేదని పీకించేత్తారు. నీ పిల్లి కోసం నా బండి వానలో తడవాలా?"

రేకుల గదిలో అతని మోటారు సైకిలు ఉంటుంది. లైన్లో మగాళ్ళందరికీ వెనకాల ఏదో ఒక రేకుల గది ఉంది. బండికి గది ఉంది. తబితకి గుమ్మం దగ్గర చాప ఉంది.

సీసాని ఎవరికీ తెలియకుండా మళ్ళీ కిటికీలోనే పెట్టేసింది. బుధ, గురువారాలు రెండూ పనిలోనే పోయాయి. అత్త పరుపు, మొగుడి పరుపు వీపు మీద వేసుకుని ఎండలోకి మోసింది. దుప్పట్లు మరిగించింది. చేతులు బొబ్బలెక్కాయి. పుల్లతో గచ్చు పగుళ్ళు గీకి ఊడ్చింది. పుషి మెడ వెనక చుక్కలు వేసింది. గిన్నెలో నీళ్ళు తేటగా మిగిలేదాకా దువ్వింది. జెనీ బడికెళుతూ మేజోళ్ళు మోకాళ్ళదాకా లాక్కుంది. "మమ్మీ, శుక్రవారం ఎవరైనా గోక్కుంటే డాడీ నిజంగానే..." అని ఆగింది. తబిత "లేదమ్మా" అంది. పన్నెండేళ్ళ పిల్ల తల్లి మొహం చూసి ఆ మాట నమ్మలేదు.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి సంఘం వచ్చింది. మగాళ్ళకి గుడి నించి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు. ఆడవాళ్ళకి చాపలు. ఎప్పుడూ అంతే, ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళి కూర్చుంటారు. పుషి రేకుల గదిలో బుట్ట కింద ఉంది. పాట అయింది. పాస్టరు గారు, "కళ్ళు మూసుకుందాం" అన్నారు. అందరూ మూసుకున్నారు.

తబిత మూసుకోలేదు. ప్రార్థనలో కళ్ళు తెరవడం జీవితంలో ఇదే మొదలు. చాప మీద వరసగా ఉన్న పాదాల్నే చూస్తోంది. ఒక్క చెయ్యి కదలకూడదు. ప్రభువా, ఒక్క చెయ్యి.

దోర్కా చెయ్యి కదిలింది. చీర కుచ్చిళ్ళ కిందికి దొంగలా జారి మడమ పైన గోకింది. తబిత తలెత్తింది. కుర్చీలో విల్‌ఫ్రెడ్ కూడా కళ్ళు తెరిచే ఉన్నాడు. చూశాడు. ఆమె వంక ఒకసారి చూసి, బైబిలు కుర్చీ మీద పెట్టి, చప్పుడు కాకుండా లేచి స్నానాలగది వైపు వెళ్ళాడు.

లేచి వెనకాలే పరిగెత్తాలి. పరిగెత్తితే? అందరి ముందూ ఏమీ అనడు. అందరూ వెళ్ళాక పిల్లిని ముంచుతాడు, మరుసటి రోజు అన్నం తింటాడు. ఆమె చూపు మళ్ళీ దోర్కా కాలి మీద పడింది. అప్పుడు కనిపించింది. ఎర్రటి కొత్త దద్దురు కాదు. నల్లగా చెక్కు కట్టినవి, పొట్టు రాలినవి, వారాల నాటివి. పక్కన అదే లైను డయానా కాలికి పసుపు రాసి ఉంది, పసుపు కింద అవే మచ్చలు. ఆ పక్కామెకి అవే. వీళ్ళని కుట్టింది ఇవాళ కాదు. ఈ ఇంట్లో కాదు. ఎవరిళ్ళల్లో వాళ్ళని కుట్టాయి. చీర కిందికి లాక్కుని వచ్చి కూర్చున్నారు, తనలాగే, గోక్కోకుండా.

"ఆమెన్," అన్నారు పాస్టరు గారు. "ప్రార్థన మనవులేవైనా ఉంటే చెప్పండమ్మా."

ఎస్తేరమ్మ గొంతు సవరించుకుంది. ఆ ఇంటి మనవి ఎప్పుడూ ఆమే చెబుతుంది, ఎప్పుడూ ఒకటే. "మావోడి ప్రమోషను గురించండి పాస్టరు గారూ..."

"నాకొక మనవి ఉన్నాది," అంది తబిత. మళ్ళీ అంది, ఈసారి గట్టిగా. "మా ఇంట్లో పేలున్నాయి. నన్నూ నా కూతుర్నీ కుట్టి తినేస్తన్నాయి." చీర అంచు జానెడు పైకెత్తి కాళ్ళు చూపించింది. అంచు అలాగే పట్టుకుంది.

"ఓలమ్మో! సిగ్గు లేదేటే నీకు?" అంది ఎస్తేరమ్మ. "పాస్టరు గారి ముందర ఆ కాళ్ళు సూపించడమేటి? పిల్లిని తెచ్చి నెత్తినెట్టుకున్నావు, అనుబవించు మరి."

కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. చాప మీద ఎవరూ నవ్వలేదు.

విల్‌ఫ్రెడ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో సీసా. దోర్కా దాన్ని చూసింది.

"ఆ సీసా... మా కుక్కపిల్లకి పోసినాది అదే," అంది. ఎవరితోనో చెబుతున్నట్టు కాదు. తర్వాత తనూ చీర అంచు ఎత్తింది. స్త్రీల సమాజం పెద్ద, యాభై ఏళ్ళ మనిషి. "మా ఇంట్లో రెండు నెలల్నించీ పేలు పాస్టరు గారూ. మాకు పిల్లి లేదు. కుక్కా లేదిప్పుడు."

"మాకూ లేదండి పిల్లి," అంది డయానా. చాప మీద ఇంకో చీర అంచు లేచింది. ఇంకోటి.

"తబితా," అన్నాడు విల్‌ఫ్రెడ్, చాలా మెల్లగా. "లోపలికి రా. మాటాడాల."

భయం పోలేదు. రేపూ ఉంటుంది, ఆ చెప్పుల చప్పుడు రేపూ వింటుంది. కానీ చాప మీద ఆమెకి ఒక పక్క దోర్కా భుజం, ఇంకో పక్క ఎప్పుడొచ్చి కూర్చుందో జెనీ మోకాలు తగులుతున్నాయి. జెనీ మేజోళ్ళు విప్పేసింది.

"లోపలికి రాను," అంది తబిత. "ఇక్కడే మాటాడతాను, అందరూ ఇనాల. ఆ సీసా పాస్టరు గారి కాళ్ళ దగ్గరెట్టీయండి. కుర్చీ మీద మీ బైబిలుంది, అందులో నాను రాసిన కాగితముంది, తియ్యండి. సంతకం పెట్టండి. రేపు కాదు, సూద్దాంలే కాదు, ఇప్పుడు. రేకుల గది పీకేత్తే పీకనీండి, బండి తడవనీండి. ఆ పాడు క్వార్టరు సుబ్బరం సేయించి మూయించండి. మిగతావోళ్ళకీ సెబుతన్నాను. ఎవరి పేర్న క్వార్టరున్నాదో ఆళ్ళందరూ సంతకం పెట్టాల. పెన్ను జెనీ దగ్గరున్నాది. సంతకాలైనంత వరకూ మాతోపాటు నేల మీదే కూసోండి, ఎలాగుంటాదో తెలస్తాది. కుర్చీలు దిగండి."